పద్నాలుగో నంబరు ప్రశ్న

సభలో అందరూ ఆయన్ని 'మేకు' అంటారు. ఎదురుగా కాదు లెండి. ఎదురుగా 'అన్నా' అనో 'పెద్దాయనా' అనో అంటారు, అటు తిరగ్గానే మేకు. ప్రశ్నోత్తరాల గంట మొదలైందంటే సీటుకు మేకు కొట్టినట్టు కూర్చుంటాడు మరి. ఫోను మోగినా చూడడు, చీటీ వచ్చినా విప్పడు. మూత్రపిండంలో రాయి ఉన్న రోజుల్లో కూడా, నుదుటి మీద చెమటలు కారిపోతుంటే అలాగే బిగబట్టుకుని కూర్చున్నాడు తప్ప లేవలేదు. పక్క సీటాయన చూడలేక, "అన్నా, ఒక్కసారి వెళ్ళిరా, నీ కుర్చీ నేనేం ఎత్తుకుపోను" అన్నాడు. "నోరు మూసుకుని మంత్రి చెప్పేది విను" అన్నాడు మేకు, పళ్ళు బిగించి.

ప్రశ్నోత్తరాల గంటంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక ముక్కలో చెప్పాలి, లేకపోతే ఈ కథ ఎక్కదు. సభ్యుడు పదిహేను రోజుల ముందే ప్రశ్న రాసి ఇవ్వాలి. అది శాఖకు వెళ్తుంది, అక్కడ జవాబు తయారవుతుంది, ఆ రోజు జాబితాలో దానికో నంబరు పడుతుంది. స్పీకర్ ఆ నంబరు పిలిచినప్పుడు సభ్యుడు తన సీట్లోంచి లేచి నిలబడాలి. నిలబడితే మంత్రి జవాబు చెప్పి తీరాలి. ఆ పైన అనుబంధ ప్రశ్నలతో ఆ మంత్రిని నిలువునా కడిగేయొచ్చు. సీట్లో లేకపోయారా, రెండుసార్లు పిలుస్తారు, ప్రశ్న పోతుంది. తయారైన జవాబు మళ్ళీ ఫైల్లోకి పోయి పడుకుంటుంది. అంతే రూలు. చిన్నపిల్లలాటలో ఉండే రూలు లాగే ఉంటుంది కానీ, దీని మీద జనం బతుకులు నడుస్తుంటాయి.

మేకు అడిగేవి ఆకాశమంత ప్రశ్నలు కావు. కిలో ప్యాకెట్టులో తొమ్మిది వందల గ్రాములే ఎందుకుంటున్నాయి? మందు అట్ట మీద గడువు తేదీ చీమతలకాయంత అక్షరాల్లో ఎందుకేస్తున్నారు? లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాడు ఎవరికి మొరపెట్టుకోవాలి? ఇలాంటివే. మంత్రులకు ఆయనంటే చిరాకు, జనానికి ముద్దు. ఐదేళ్ళపాటు ప్రశ్నోత్తరాల గంటలో ఒక్కరోజు కూడా సీటు కదలనందుకు పోయినేడు ఉత్తమ సభ్యుడి పతకం కూడా ఇచ్చారు. దాన్ని ఇంటికి తెచ్చి బీరువాలో దుప్పట్ల కింద తోసేశాడు.

"అదేం పనండీ! హాల్లో పెడితే నలుగురూ చూస్తారు కదా" అంది భార్య.

"అందుకే లోపల పెట్టా" అన్నాడాయన.

ఆవిడకేం తెలుసు పాపం. లోకమంతా నిష్ఠ అనుకున్నది నిష్ఠ కాదు, భయం.

ఆరేళ్ళ కిందట ఆయనకో ఉత్తరం వచ్చింది. ఉత్తరమంటే ఉత్తరం కూడా కాదు. టైలర్లు కొలతలు రాసుకునే చీటీ. ఒకవైపు ఛాతీ, నడుము, చేతి పొడవు. రెండో వైపు సన్నటి అక్షరాలు. రాసినావిడ కుట్టుమిషన్ పెట్టుకుని బతికే టైలరమ్మ. చెల్లెల్ని దగ్గర పెట్టుకుని చదివిస్తోంది. 'అయ్యా, మా స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టించాం. డబ్బా మీద పొగగొట్టం అక్కర్లేదని రాసుంది. మంట నీలంగా రావాల్సింది పసుపుపచ్చగా వస్తోంది. స్నానానికి వెళ్తే తల తిరుగుతోంది. షాపువాడినడిగితే మీకు నీరసమేమో, టానిక్కు తాగండి అంటున్నాడు. కంపెనీ వాళ్ళు ఫోనెత్తరు. మా కింద వాటాలో ముసలాయన కూడా గదిలో పడిపోయాడు. ఎవరినడగాలో తెలియక మీకు రాస్తున్నాను.'

మేకు, అప్పటికింకా మేకు కాలేదనుకోండి, ఆ చీటీ చదివి ఎగిరి గంతేసినంత పని చేశాడు. అసలైన ప్రశ్నంటే ఇదీ! అదే రోజు రాసిచ్చాడు. ఆవిడకు ఫోన్ చేసి, "నీ ప్రశ్న సభలో ఎలా దులిపేస్తానో నువ్వే వచ్చి చూడమ్మా" అన్నాడు. గ్యాలరీ పాసు కూడా పోస్టులో పంపించాడు. మిషన్ కట్టిపెట్టి ఎక్కడొస్తుందిలే అని తర్వాత తనే అనుకున్నాడు.

ప్రశ్నకు పద్నాలుగో నంబరు పడింది. ఆయన చప్పరించేశాడు. గంటలో తొమ్మిది ప్రశ్నలు దాటడమే గగనం. పదకొండు దాటిన రోజు ఆయన ఇరవై ఏళ్ళ అనుభవంలో లేదు. ఆఖరి పది నిమిషాల్లో ఎవరో ఒకరిని బతిమాలి ముందుకు జరిపించుకోవచ్చని లెక్క వేసుకున్నాడు. కళ్ళజోడు బల్ల మీద పెట్టి, లాబీలోకి వచ్చి, విలేకరుల ముందు నిలబడ్డాడు. కెమెరా వాడు దీపం వేశాడు. ఏ ప్రశ్న గురించి చెప్పాడనుకున్నారు? ఆ పద్నాలుగో ప్రశ్న గురించే!

లోపలేమో ప్రతిపక్షం వాళ్ళు వేరే ఏదో గొడవ మీద మూకుమ్మడిగా లేచి వెళ్ళిపోయారు. జాబితాలో నాలుగు నుంచి పదమూడు దాకా దాదాపు అన్నీ వాళ్ళవే. స్పీకర్ పిలవడం, సీటు ఖాళీ, తర్వాతది. పిలవడం, ఖాళీ, తర్వాతది. గంట సేపు పట్టాల్సింది పాతిక నిమిషాల్లో పద్నాలుగుకొచ్చింది. మేకు పరుగెత్తుకుంటూ లోపలికొచ్చేసరికి స్పీకర్ పదిహేను చదువుతున్నాడు.

"అధ్యక్షా, పద్నాలుగు నాది…"

"దాటిపోయింది. కూర్చోండి" అన్నాడు స్పీకర్.

సరేలే, వచ్చే సమావేశాల్లో అడుగుదాం అనుకుని కూర్చున్నాడు. పెద్ద బాధ కూడా పడలేదు. చెప్పకేం, ఆ రోజు మధ్యాహ్నం సుబ్బరంగా భోంచేసి కునుకు కూడా తీశాడు.

ఇరవై రెండో రోజున టైలరమ్మ చెల్లెలు ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళాలని ఉదయం ఏడున్నరకు తలస్నానానికి వెళ్ళింది. అక్క కుట్టిన కొత్త చొక్కా గది తలుపుకు తగిలించి ఉంది. ఎనిమిదింటికి అక్క తలుపు కొట్టింది. ఎనిమిదీ పదికి పక్కవాళ్ళొచ్చి తలుపు విరగ్గొట్టారు. గీజరు వెలుగుతూనే ఉంది, నీళ్ళు పోతూనే ఉన్నాయి. పేపర్లో చిన్న ఫొటో వేశారు. రెండు జడలు, ఎడమ బుగ్గన పుట్టుమచ్చ.

నెల తర్వాత మళ్ళీ కొలతల చీటీ వచ్చింది. ఈసారి ఒకటే వాక్యం. 'అయ్యా, ఆ రోజు నా ప్రశ్న ఎందుకు రాలేదు?'

ఆయన చీటీ పట్టుకుని గంట సేపు కూర్చున్నాడు. ఆ తర్వాత పీఏని పిలిచి జవాబు చెప్పి రాయించాడు. 'సభా సమయం చాలనందున మీ ప్రశ్న చర్చకు రాలేదు. మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాను.' సంతకం పెట్టాడు. ఇంతకాలం ఎన్ని వందల సార్లో మంత్రుల నోటి నుంచి విని మండిపడ్డ మాటల్లాంటి మాటలే, ఆయన నోట్లోంచి ఎంత నున్నగా వచ్చాయో!

పై ఏడు అదే తేదీకి అదే వాక్యంతో ఇంకో చీటీ వచ్చింది. ఆ పై ఏడూ వచ్చింది. ప్రతిసారీ అదే జవాబు, తేదీ మార్చి. నాలుగో ఏట పీఏ ఉండబట్టలేక అడిగింది. పదిహేనేళ్ళుగా ఆయన దగ్గరే పనిచేస్తున్న మనిషి, ఆయన్ని నిలదీసే ధైర్యం ఉన్నది ఆమెకొక్కదానికే.

"సార్, మంత్రిగారు మనకి ఒకే జవాబు నాలుగుసార్లిస్తే మీరేం చేస్తారు?"

"నువ్వు టైపు చెయ్యమ్మాయ్" అన్నాడాయన, మొహం కిటికీ వైపు తిప్పుకుని.

మరి ఆ ప్రశ్న మళ్ళీ ఎందుకు వేయలేదు అంటారా? అక్కడే ఉంది కిటుకు. ప్రశ్న ఇచ్చే ఫారంలో కింద ఒక గడి ఉంటుంది. 'ఈ విషయంపై ఇంతకు ముందు ప్రశ్న వేశారా? వేసి ఉంటే ఏమైనది?' ఆరేళ్ళలో ఆయన ఆ ఫారం పదిసార్లు తీశాడు. ఆ గడి దాకా వచ్చేసరికి కలం ఆగిపోయేది. 'సభ్యుడు సభలో లేనందున పోయినది' అని తన చేత్తో తను రాయాలి. రాయలేకపోయాడు. చించేసేవాడు.

తన ఇంట్లో గ్యాస్ గీజరును మాత్రం పీకించేశాడు. గోడకు నాలుగు మేకుల చిల్లులు, మూత బిగించిన గొట్టం ముక్క మిగిలాయి. పీకించిన వారం నుంచి మొదలైంది. ఉదయం సరిగ్గా ఏడున్నరకు ఆ గొట్టంలోంచి టక్, టక్, టక్ మని నిప్పు రాజుకునే చప్పుడు, ఆ వెనకే 'భస్' మని మంట లేచిన చప్పుడు.

"వినపడిందా?" అనేవాడు భార్యతో.

"ఏం వినపడాలి? చెవి డాక్టరుకు చూపించుకోండి. చన్నీళ్ళు పోసుకోవద్దంటే వింటేనా, తలకెక్కింది జలుబు."

సభలో ఇంకా ఘోరం. స్పీకర్ నంబర్లు పిలుస్తుంటే ఎనిమిది, తొమ్మిది దగ్గరికొచ్చేసరికి ఆయన మెడ వెనక చల్లగా తగిలేది. తలంటుకున్న మనిషెవరో తుడుచుకోకుండా వచ్చి వెనక నిలబడ్డట్టు, జుట్టు కొసల నుంచి ఒక్కొక్క చుక్కా కాలరు లోపలికి జారినట్టు. చెయ్యి పెట్టి చూసుకుంటే పొడిగానే ఉండేది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. రెండు జడలు విప్పుకుని ఉంటుందని ఆయనకు తెలుసు. అందుకే లేవడానికి భయం. లేచి లాబీలోకి వెళ్తే వెంట వస్తుందని కాదు. తిరిగొచ్చేసరికి తన కుర్చీలో కూర్చుని ఉంటుందేమోనని.

ఈ ఏడు చలికాలంలో అవే గీజర్లతో నలుగురు పోయారు. ఒకే ఇంట్లో ముగ్గురు, ఇంకో చోట పెళ్ళయి నెల కాని కుర్రాడు. పేపర్లు గగ్గోలు పెట్టాయి. పీఏ ఫారం తెచ్చి ఏమీ అనకుండా ఆయన ముందు పెట్టింది. ఆయన ప్రశ్న రాశాడు. గడి దగ్గరికొచ్చాడు. ఈసారి చించలేదు. 'లేదు' అని రాశాడు.

ప్రశ్నకు మూడో నంబరు పడింది. వచ్చి తీరే నంబరు.

ముందురోజు మధ్యాహ్నం వినియోగదారుల శాఖ మంత్రి కబురు పెట్టాడు. వయసులో చిన్నవాడు, మాట వెన్నపూస. కాఫీ తెప్పించి, తలుపు దగ్గరగా వేయించి, ఒక కాగితం ముందుకు జరిపాడు.

"రేపు నేను చదవబోయేది ఇదీ, అన్నా. 'ఈ సంవత్సరానికి ముందు ఈ గీజర్లపై ఎటువంటి ఫిర్యాదూ ప్రభుత్వ దృష్టికి రాలేదు. ఈ సంవత్సరం అమ్మిన గీజర్లన్నింటినీ కంపెనీ వెనక్కి తీసుకుంటుంది.' నువ్వొక అనుబంధ ప్రశ్న వెయ్యి, నేనొక కమిటీ అంటా. నీ పేరూ నిలబడుతుంది, నా పనీ అవుతుంది."

"అంతకు ముందు అమ్మినవో?"

"ఫిర్యాదు లేనప్పుడు వాటినెలా తీయిస్తాం?"

"ఎన్నున్నాయి గోడల మీద?"

"ఎనభై వేలనుకో. అయినా అన్నీ పేలిపోతాయా ఏంటి?"

"పేలవు తమ్ముడూ. గదిలో విషవాయువు నింపి, చప్పుడు లేకుండా చంపుతాయి."

మంత్రి సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. ఆరేళ్ళ కిందటి సభా పట్టిక. పద్నాలుగో నంబరు పక్కన 'సభ్యుడు లేరు' అని ఉంది. దాని పక్కన మొన్నటి ఫారం పెట్టాడు. గడిలో 'లేదు' అని ఉంది.

"నాకెందుకన్నా ఇవన్నీ బయటపెట్టడం? ఉత్తమ సభ్యుడివి. నా కాగితం ఒప్పుకుంటే ఈ రెండూ సొరుగులోనే ఉంటాయి. కాదూ కూడదంటే మాత్రం, సభలో అబద్ధం రాసిచ్చిన సభ్యుడని నేనే చదవాల్సొస్తుంది. కాఫీ చల్లారిపోతోంది, తాగు."

ఆయన కాఫీ ముట్టుకోలేదు. లేచి కారిడార్ దాటి తన గదికి వచ్చాడు. గదిలో పీఏ ఒక పాసు పట్టుకుని నిలబడి ఉంది.

"టైలరమ్మ ఫోన్ చేసింది సార్. రేపు గ్యాలరీలో కూర్చుంటుందట. సంతకం పెట్టండి."

పాసు మీద సంతకం మూడుసార్లు తప్పింది.

మర్నాడు ఉదయం ఏడున్నరకు చప్పుడు వచ్చింది. ఆయన స్నానాల గదిలో చెంబు పట్టుకుని, మూత బిగించిన గొట్టం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడూ మంట చప్పుడుతో ఆగిపోయేది. ఆ రోజు ఆగలేదు. నీళ్ళు పడుతున్న చప్పుడు కూడా వచ్చింది. కుళాయి కట్టేసే ఉంది. చాలాసేపు, ఎవరో తాపీగా స్నానం చేస్తున్నట్టు. ఆ తర్వాత ఏదో బరువైనది నేల మీదికి జారిన చప్పుడు. నీళ్ళు మాత్రం పడుతూనే ఉన్నాయి.

"అమ్మా," అన్నాడాయన గొట్టంతో, పిచ్చివాడిలా. "ఇవాళ లేస్తానమ్మా."

అన్నాడు గానీ సభకు వెళ్ళే దారంతా ఆయన మనసు గోడ మీద పిల్లే. కమిటీ వేయిస్తే మాత్రం తప్పేముంది, మెల్లగా అన్నీ తీయించొచ్చు కదా అని ఒక పక్క. టైలరమ్మ పైనుంచి చూస్తుండగా, నాలుగు వందల మంది ముందు, నోటితో ఎలా చెప్పడం అని ఇంకో పక్క. ఆరు జవాబులు తన సంతకంతో ఆవిడ దగ్గరున్నాయి. తల కొట్టేసినట్టుండదూ!

సభ మొదలైంది. తల ఎత్తి గ్యాలరీ వైపు చూశాడు. రెండో వరసలో నలభై ఏళ్ళ మనిషి, మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయి వచ్చింది. ఎప్పుడూ చూడకపోయినా ఆవిడేనని తెలిసిపోయింది.

"మూడు" అన్నాడు స్పీకర్.

ఆయన లేచాడు. మంత్రి తన కాగితం గడగడా చదివేసి, ఆయన వైపు చూసి చిన్నగా నవ్వి కూర్చున్నాడు. మెడ వెనక చల్లగా తగిలింది. మూడో నంబరుకే. ఒక చుక్క, ఇంకో చుక్క.

"అధ్యక్షా," అన్నాడు. నీళ్ళు తాగాడు. "మంత్రిగారు చెప్పింది తప్పు. ఆరేళ్ళ కిందటే ఈ గీజర్ల మీద ఇదే సభలో ప్రశ్న పడింది. పద్నాలుగో నంబరు. వేసింది నేనే."

మంత్రి లేచాడు. చేతిలో రెండు కాగితాలూ సిద్ధంగా ఉన్నాయి. "అధ్యక్షా, గౌరవ సభ్యులు తమ ఫారంలో…"

"ఆగు తమ్ముడూ, నేనే చెబుతా. ఆ గడిలో 'లేదు' అని నేను రాసింది అబద్ధం. ఆ రోజు నా నంబరు పిలిచినప్పుడు నేను సీట్లో లేను. లాబీలో కెమెరా ముందున్నాను. నా ప్రశ్న నా వల్లే పోయింది. ఇరవై రెండు రోజులకు ఒక పిల్ల చచ్చిపోయింది. వాళ్ళ అక్క ఎందుకు రాలేదని అడిగితే, టైము చాల్లేదని ఆరుసార్లు సంతకం పెట్టి మరీ అబద్ధం చెప్పాను."

సభలో ఒక్కసారిగా గోల లేచింది. పక్క సీటాయన నోరు తెరిచి చూస్తున్నాడు. స్పీకర్ సుత్తి కొట్టాడు.

"సభ్యుడు లేనప్పుడు ప్రశ్న కూడా లేనట్టే కదా అధ్యక్షా" అన్నాడు మంత్రి.

"నేను లేను. ప్రశ్న ఉంది!" మేకు గొంతు ఇప్పుడు ఖంగుమంది. "పదిహేను రోజుల ముందే మీ శాఖకు చేరింది. జవాబు కూడా తయారైంది. ఫైల్లో ఉంది. చదవడానికి నేను అవకాశం ఇవ్వలేదు, అంతే. ఆ జవాబు తెప్పించి బల్ల మీద పెట్టించండి అధ్యక్షా. అది చదివాక నన్నేం చేస్తారో చేయండి."

స్పీకర్ ఫైలు తెమ్మన్నాడు. తేవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ఆయన కూర్చోమన్నా కూర్చోలేదు. ఫైల్లో శాఖ అధికారి ఆరేళ్ళ కిందట టైపు చేయించిన జవాబుంది. 'మూసిన గదుల్లో ఈ గీజర్లు ప్రాణాపాయమని శాఖ గుర్తించినది. అమ్మకం నిలిపివేయుట పరిశీలనలో ఉన్నది.' ఎవరూ అడగలేదు కాబట్టి పరిశీలన అక్కడే ఆగిపోయింది. స్పీకర్ దాన్ని రెండుసార్లు చదివి మంత్రి వైపు చూశాడు. మంత్రి వెనకున్న అధికారితో గుసగుసలాడాడు, చివరకు లేచి, ఏ సంవత్సరం అమ్మినదైనా సరే, గోడల మీదున్న ప్రతి గీజరునూ నెలలోపు కంపెనీ ఖర్చుతో పీకిస్తామని ఒప్పుకున్నాడు.

లాబీలో విలేకరులు చుట్టుముట్టారు. "సార్, పతకం వెనక్కిచ్చేస్తారా?"

"బీరువాలో దుప్పట్ల కింద ఉంది. మా ఆవిణ్ణడిగి తీసుకెళ్ళండి" అని తోసుకుంటూ గ్యాలరీ మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

టైలరమ్మ మెట్ల మలుపులో గోడకానుకుని నిలబడి ఉంది. మెడలోని టేపు తీసి వేళ్ళకు చుట్టుకుంటోంది. ఆయన రెండు మెట్లు కిందే ఆగిపోయాడు.

"అమ్మా, నన్ను…"

"ఆ రోజు నేనొచ్చానండీ" అంది ఆవిడ.

ఆయనకు మొదట అర్థం కాలేదు.

"మీరు పంపిన పాసుతోనే. ఇవాళ కూర్చున్న చోటే కూర్చున్నా. స్పీకర్ గారు పద్నాలుగు అన్నారు. మీ కుర్చీ ఖాళీ. మీ కళ్ళజోడు బల్ల మీదుంది. ఇంకోసారి పిలిచారు. లేచి 'ఆయన బయటే ఉన్నారండీ, కాస్త ఆగండి' అని అరుద్దామనుకున్నా. లోపలికి పంపేటప్పుడే చెప్పారు, కిక్కురుమంటే గెంటేస్తామని. నోరు నొక్కుకుని కూర్చున్నా."

ఆయన రెయిలింగు పట్టుకున్నాడు.

"తర్వాత మీ ఉత్తరమొచ్చింది, టైము చాల్లేదని. అంత పెద్దవారు, సంతకం పెట్టి రాశారు. అయితే నేను చూసిందే తప్పేమో అనుకున్నా. వేరే వాళ్ళ కుర్చీ చూశానేమో, నంబరు సరిగ్గా వినలేదేమో అనుకున్నా. చెల్లి పోయిన బాధలో నేనే అల్లుకున్నానేమో అని కూడా అనుకున్నా. పిచ్చెక్కుతోందేమోనని డాక్టరుకు చూపించుకున్నా. అందుకే ఏటేటా రాశా సార్. ఒక్కసారైనా నేను లేనమ్మా అంటారేమోనని."

ఆయనకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

"ఇవాళ అన్నారు. చాలు" అంది ఆవిడ. రెండు మెట్లు దిగి, ఆయన పక్కకొచ్చి ఆగింది. "ఒక్కటి మాత్రం చెప్పండి సార్. రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టనిదల్లా ఇదొక్కటే. నేను ఆ రోజు అరిచుంటే, మీకు వినపడేదా?"

వినపడేది కాదమ్మా, తలుపులు దళసరి, అనే జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత నున్నటి జవాబు! ఆవిడ గుండె బరువూ దిగుతుంది, తన పరువూ ఇంకాస్త మిగులుతుంది. సభలో అంత చెప్పినవాడు ఈ ఒక్కటీ చెప్పలేదు. ఆరేళ్ళుగా ఏ మనిషికీ చెప్పలేదు. మెడ వెనక చల్లగా, ఒక చుక్క కాలరు లోపలికి జారింది.

"నువ్వు అరవక్కర్లేదమ్మా," అన్నాడు. "తలుపు తెరిచే ఉంది. స్పీకర్ పిలిచింది నాకు వినపడింది. రెండుసార్లూ వినపడింది. కెమెరా ముందు చెబుతున్న వాక్యం ఒకటుంది, అది పూర్తి చేసి వెళ్దామనుకున్నా."

టైలరమ్మ వేళ్ళకు చుట్టుకుంటున్న టేపు ఆగిపోయింది. ఆరేళ్ళుగా లోపలే పట్టి ఉంచిన ఊపిరి మెల్లగా వదిలింది.

"అయితే నా తప్పు లేదన్నమాట."

"లేదమ్మా."

"ఏంటి సార్ ఆ వాక్యం?"

ఆయనకు అక్షరం అక్షరం గుర్తుంది. "'ప్రభుత్వం ఒక్క ప్రాణం కూడా పోకముందే మేల్కోవాలి' అని."

ఆవిడ తలూపింది. "మంచి మాటేనండీ" అంది. టేపు చుట్ట చేతిసంచిలో వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.